పలకని దోనె

అత్తగారి గది గోడకి అతికించిన అద్దం ముక్క మళ్ళీ విరిగింది.

అల్లుడు షాపు నుంచి వచ్చి, చొక్కా అయినా మార్చకుండా ఆ గదిలోకి వెళ్ళి, కిటికీ పక్కన గోడ ముందు గొంతుక్కూర్చున్నాడు. అద్దం మీద వేలి గోరు ఆనించి అడ్డంగా రాశాడు. గోరు ఒకచోట ఆగింది. వెంట్రుకంత గీత. కళ్ళద్దాల షాపు పెట్టుకుని బతికేవాడికి అద్దంలో పగులు తెలుసుకోవడానికి భూతద్దం అక్కర్లేదు.

అద్దం అతికించమన్నది మేస్త్రీ. గోడలో పగులు పాతదేనా, ఇంకా కదులుతోందా అన్నది కంటికి అందదు. పగులుకి అటూ ఇటూ అంటుకునేలా పల్చటి అద్దం ముక్క పెడితే, గోడ కదిలిననాడు అద్దం విరుగుతుంది. "మీకు అద్దాలకేం కరువు సారూ, పెట్టి చూడండి," అన్నాడు. పెట్టి చూశాడు. మొదటిది తొలకరి వానలకే విరిగింది. దాని బదులు ఇంకొకటి అతికిస్తే నెల తిరక్కుండా అదీ పోయింది. ఇప్పుడిది.

గోడ కింది సగం తడిసిన అట్టలా ఉంది. సున్నం పొక్కులు లేచి, చెయ్యి తగిలితే పొడిగా రాలుతోంది. గదంతా ఆరని బట్టల వాసన.

వెనకాల మంచం మీద అత్తగారు తన చేతికర్ర వంకీకి పాత గుడ్డపీలిక చుడుతూ కూర్చుని ఉంది. అల్లుడు లేచేసరికి తల తిప్పి కిటికీ వైపు చూసింది. విరిగిందా అని ఆవిడ అడగలేదు. విరిగింది అని అతను చెప్పలేదు. గుమ్మంలో నిలబడ్డ భార్యని దాటి హాల్లోకి వచ్చాక ఆమె గొంతు తగ్గించి అంది.

"తమ్ముడు ఫోన్ చేశాడు. ఆదివారం వ్యాను తీసుకుని వస్తాడట. ఈసారి అమ్మని తీసుకెళ్ళకుండా కదలనంటున్నాడు."

"మీ అమ్మగారు ఏమన్నారు?"

"ఏమంటుంది? ఇందాకటిదాకా చీరలు మడతపెట్టుకుంది."

ఆ మాట అతనికి అద్దం విరిగినదానికన్నా ఎక్కువ తగిలింది. వెళ్ళనని ఆవిడ గొడవ చేసి ఉంటే పోట్లాడటానికి తోడు దొరికినట్టుండేది. ఒకసారి వెళ్ళి వచ్చింది కొడుకింటికి. ఎత్తయిన మేడ మీద, కిటికీలన్నీ బిగించిన ఇల్లు. కోడలు మంచిదే, మంచం మెత్తనిదే. అయినా నెలలోపే తిరిగొచ్చేసి కూతురితో ఒక్కటే మాట అంది. "అక్కడ వాన పడిందో లేదో కిందికి దిగి నేల చూస్తేగానీ తెలియదమ్మా." అంతకుమించి ఫిర్యాదు లేదు. కానీ ఆ మాట అంటున్నప్పుడు తన గది కిటికీ ఊచని పట్టుకున్న ఆవిడ చెయ్యి అల్లుడికి ఇప్పటికీ గుర్తుంది.

ఇల్లు అత్తగారిది. అతను పెళ్ళయిన కొత్తలో ఇల్లరికం వచ్చాడు. వీధిలో అందరూ అద్దాలాయన అంటారు గాని, వెనకాల ఇల్లరికపు అల్లుడు అనే అంటారని అతనికి తెలుసు. దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. మామగారు అతన్ని అలా చూడలేదు కాబట్టి.

మామగారు రేకుల పనివాడు. బకెట్లు, గరాటాలు, పొగగొట్టాలు ఆయన చేతిలో రూపు దిద్దుకునేవి. ఈ పెంకుటింటి చూరు పొడుగునా నీళ్ళు పట్టడానికి వేలాడే రేకు దోనె కూడా ఆయన మలిచిందే. పెంకుల మీంచి జారిన నీళ్ళు దోనెలో పడాలి, దోనెలోంచి మూలనున్న గొట్టంలోకి దిగాలి, గొట్టంలోంచి పెరటి కాలువలోకి పోవాలి. గోడ మీద చుక్క పడనిచ్చేవాడు కాదు. అందరిలా దోనెని చూసి బాగుచేసే అలవాటు లేదాయనకి. విని బాగుచేసేవాడు. వాన పడుతుంటే మంచం మీద కళ్ళు మూసుకుని పడుకుని, "గొంతు మారిందే. మూల కొక్కెం దగ్గర ఆకు అడ్డం పడింది," అనేవాడు భార్యతో. వాన వెలిశాక నిచ్చెన వేసి చూస్తే ఆకు అక్కడే ఉండేది. దోనె, గొట్టం గణగణమని పలుకుతుంటే నీళ్ళు దారిన పోతున్నట్టు. మూగబోతే ఎక్కడో మూసుకుపోయినట్టు, నీళ్ళు గోడలోకి దిగుతున్నట్టు. ఆ ఇంట్లో వానాకాలానికి అదే కొలమానం.

ఆయన పోయాక రేకు తుప్పు పట్టి జల్లెడైపోయింది. కిందటేడు ఎండాకాలం అల్లుడు దాన్ని పీకించి ప్లాస్టిక్ దోనె, ప్లాస్టిక్ పైపు పెట్టించాడు. పెట్టించడమంటే పనివాడికి అప్పజెప్పి ఊరుకోలేదు. దోనె ఆ కొన నుంచి ఈ కొనకి నూలుతాడు కట్టి నీళ్ళు జారే వాటం చూసుకున్నాడు. నీళ్ళు పోసి పరీక్షించాడు. అత్తగారి కిటికీ పక్కనుంచి దిగే పైపులో, కిటికీ ఎత్తున ఒక అతుకుని మాత్రం జిగురు పెట్టకుండా వదిలేయించాడు. ఆకులు దిగి అడ్డుపడితే అక్కడ ఊడదీసి శుభ్రం చేసుకోవచ్చని. ఆ ఆలోచన తనకి తట్టినందుకు లోపల్లోపల మురిసిపోయాడు కూడా.

మొదటి వాన పడ్డరోజు భార్య వాళ్ళమ్మని అడిగింది, కొత్త దోనె ఎలా ఉందని. అత్తగారు కాసేపు చెవి ఒగ్గి, "బాగుందమ్మా. అల్లుడు గారు చాలా కష్టపడ్డారు," అంది. హాల్లో ఉన్న అల్లుడికి ఆ మాట వినబడి కడుపు నిండింది.

వాళ్ళిద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకోవడం తక్కువ. కోపమేమీ కాదు, మరీ ఎక్కువ మర్యాద. గదిలోంచి అత్తగారు, "అమ్మాయ్, అల్లుడు గారు టీ తాగుతారేమో అడుగు," అంటుంది. హాల్లోంచి అల్లుడు, "ఇప్పుడొద్దని చెప్పు," అంటాడు. మధ్యలో భార్య నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఒకే గోడకి మీరటు, ఆవిడిటు. నేనేమన్నా పోస్టాఫీసునా?" అంటుంది. అయినా ఉత్తరాలు అందజేస్తూనే ఉంటుంది.

మేస్త్రీ వచ్చి చూసి వెళ్ళినరోజు మాత్రం ఆ ఉత్తరం కదల్లేదు. మేస్త్రీ గోడకి అరచెయ్యి ఆనించి, మట్టపుగుండు వేలాడదీసి, ఒక కన్ను మూసి చూసి, "సారూ, ఈ గోడ కడుపుతో ఉంది," అన్నాడు. అల్లుడు నవ్వబోయి మేస్త్రీ మొహం చూసి ఆగిపోయాడు. "నిజమే చెబుతున్నా. మధ్యలో ఉబ్బింది. పునాది కింద మట్టి మెత్తబడిపోయింది. నీళ్ళెక్కడినుంచి వస్తున్నాయో ముందు ఆపండి. ఆపలేకపోతే పెద్దమ్మగారిని ఈ గదిలో పడుకోనివ్వకండి. గోడ చెప్పి పడదు."

పెద్దమ్మగారికి ఎవరు చెప్పాలి?

"నువ్వు చెప్పు, మీ అమ్మేగా," అన్నాడతను.

"నేను చెబితే మీరు చెప్పించారనుకుంటుంది. ఇల్లరికపు అల్లుడు అత్తగారిని గదిలోంచి లేపాడన్న మాట మీకొద్దు, నాకూ వద్దు. ముందు ఆ నీళ్ళ సంగతి చూడండి."

నీళ్ళ సంగతే అర్థం కాలేదు. ఆ ఊళ్ళో వాన మధ్యాహ్నం దాటాకే ఎక్కువ పడేది. ఆ వేళకి అతను షాపులో, భార్య పసిపిల్లల బడిలో పనిలో ఉంటారు. సాయంత్రం వచ్చి చూస్తే గోడ మొదలు బురద. దోనెలో ఆకు లేదు. పైపు దాని చోట అది ఉంది. ఒక ఆదివారం వాన పడుతుంటే గొడుగు వేసుకుని సందులో నిలబడి ఆసాంతం చూశాడు. ఒక్క చుక్క తప్పు దారిన పోలేదు. నీళ్ళన్నీ బుద్ధిగా పైపులో దిగి కాలువలో కలిశాయి. ఇంకో పూట నిచ్చెనెక్కి బకెట్లకొద్దీ నీళ్ళు పెంకుల మీద గుమ్మరించాడు. ఏమీ లేదు. పెంకు పగిలిందేమోనని అటక మీదికి పాకి, దుమ్ము తిని దిగాడు. పక్కింటివాళ్ళ నీళ్ళు ఇటు ఊరుతున్నాయేమోనని వాళ్ళ గోడ పక్కన తచ్చాడి, వాళ్ళావిడ చేత "ఏం పోగొట్టుకున్నారు అద్దాలాయనా?" అనిపించుకున్నాడు. ఎంత చూసినా కనబడనిది, వీపు తిప్పగానే వస్తోంది. షాపులో కళ్ళ పరీక్షకి వచ్చినవాళ్ళని అక్షరాలు చదవమని కూర్చోబెట్టి, తను బయట మబ్బు చూస్తూ ఉండిపోయేవాడు. చినుకు మొదలైతే చేతిలో ఉన్న పని చేదయ్యేది.

దానికి తోడు బావమరిది ఫోన్లు.

"ఏం బావా, నీ ప్లాస్టిక్ ప్రాజెక్టు ఎంతదాకా వచ్చింది? అమ్మ గదిలో చేపలు పెంచుకోవచ్చా?"

"కనుక్కుంటున్నానయ్యా."

"కనుక్కో. కళ్ళద్దాలు పెట్టుకుని కనుక్కో." కాసేపు నవ్వి, తర్వాత గొంతు మార్చేవాడు. "నవ్వులాట కాదు బావా. నాకు నిద్ర పట్టడం లేదు. నాన్న రేకు దోనె ఉన్నన్నాళ్ళు ఆ గోడ పొడిగానే ఉంది. నువ్వు మార్చావు, తడిసింది. నేనేమనుకోవాలో నువ్వే చెప్పు."

అల్లుడూ అదే అనుకుంటున్నాడు.

అద్దం విరిగిన మర్నాడు బజారులో కరెంటు పోయింది. అద్దాలు అరగదీసే మెషిన్ ఆగిపోయింది. ఆకాశం మూలమూలలా నల్లబడి, మధ్యాహ్నానికే దీపాలు పెట్టే వేళలా అయింది. అతను కాసేపు ఎదురుచూసి, షట్టర్ దించేసి ఇంటికి బయలుదేరాడు. వీధి మలుపు తిరిగేసరికి వాన దబదబా అందుకుంది. ఈసారైనా దొంగని చూద్దామన్నట్టు, ఇంట్లోకి వెళ్ళకుండా గేటు తీసుకుని నేరుగా సందులోకి నడిచాడు.

పైపు బాగానే ఉంది. నీళ్ళు కింద కాలువలోకి నురగలు కక్కుతూ పోతున్నాయి. ఇంకేం చూడాలో తోచక, చూరు కింద గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు.

అప్పుడు కిటికీ ఊచల మధ్యనుంచి ఒక చేతికర్ర నెమ్మదిగా బయటికొచ్చింది. దాని వంకీకి గుడ్డపీలిక చుట్టి ఉంది. వంకీ అటూ ఇటూ తడుముకుని పైపు మెడకి తగులుకుంది. ఒక లాగు లాగింది. జిగురు పెట్టని అతుకు ఊడి, పైపు కింది ముక్క పక్కకి ఒరిగింది. పైనుంచి దిగే నీళ్ళు ధారగా కిటికీ కిందున్న పాత బట్టలుతికే బండ మీద పడ్డాయి. చప్పుడు సందంతా నిండింది. ఎప్పుడో కుంగి ఇంటివైపు వాలిన బండ అది. పడ్డ నీళ్ళు పడ్డట్టే గోడ మొదట్లోకి జారి ఇంకిపోతున్నాయి.

కిటికీ లోపలినుంచి అత్తగారి గొంతు, ఎవరితోనో కాదు, తనలో తను అన్నట్టు. "హమ్మయ్య. కదిలింది."

అల్లుడు తడుస్తూ అలాగే ఉండిపోయాడు. ముందు ఒళ్ళు మండింది. అటక మీద తిన్న దుమ్ము, బావమరిది మాటలు, నిద్రలేని రాత్రులు, అన్నీ ఒక్కసారి నోటిదాకా వచ్చాయి. కిటికీ ముందుకి ఒక్క అడుగు వేస్తే ఆవిడ మొహం కనబడేది. వెయ్యలేదు. ఆ కర్రకి చుట్టిన గుడ్డ వైపే చూస్తుండిపోయాడు. నిన్న ఆవిడ చుడుతున్నది అదే. అంత జాగ్రత్తగా ఎందుకు చుట్టింది?

చెప్పులు గుమ్మంలో విడిచి, జుట్టు తుడుచుకోకుండానే గది ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. పిలవడానికి మధ్యలో భార్య లేదు.

"అత్తయ్యగారూ."

ఆవిడ ఉలిక్కిపడి మంచం మీంచి లేవబోయింది. కర్ర ఇంకా కిటికీ ఊచల్లోనే ఉంది.

"అమ్మాయి ఇంకా రాలేదు," అంది. అతను వచ్చింది కూతురి కోసమే అయ్యుండాలన్నట్టు.

"మీ కోసమే వచ్చాను. నేను సందులో ఉన్నానండీ. చూశాను."

ఆవిడ మొహం పాలిపోయింది. కర్ర లోపలికి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. బయట బండ మీద నీళ్ళు వాయిస్తూనే ఉన్నాయి.

"మీరొచ్చేలోగా మళ్ళీ పెట్టేస్తాను రోజూ," అంది చిన్నగా. "మీ మనసు కష్టపెట్టుకుంటారని."

"అసలెందుకు తీస్తున్నారండీ?"

జవాబు వచ్చింది మెల్లిగా, తలుపు సందులోంచి వచ్చినట్టు. "అది పలకడం లేదు బాబూ. ఆయన ఉన్నప్పుడు వాన మొదలైతే దోనె పలికేది, గొట్టం పలికేది. పలకలేదంటే మూసుకుపోయినట్టే. మీరు పెట్టిన మొదటిరోజే విన్నాను. ఎంత వానైనా నోరు మెదపదు. మూసుకుపోయిందని తెలుస్తూనే ఉంది. గోడ చూస్తే చెమ్మ. ఇంకేముంది, నీళ్ళు లోపలికి దిగుతున్నాయి. అందుకని లాగి వదిలేస్తాను. బండ మీద పడ్డ చప్పుడు విన్నాక ప్రాణం కుదుటపడుతుంది."

"మరి ఒక్కమాట అమ్మాయితో అనొచ్చు కదండీ, పైపు బాగాలేదని."

"దానితో అంటే మీతో అన్నట్టే కదా. ఎండలో నిచ్చెన మీద నిలబడి మీరంత కష్టపడి పెట్టారు. అల్లుడు చేసిన పనికి వంక పెట్టమంటారా?"

అల్లుడు గుమ్మానికి ఆనుకున్నాడు. నవ్వొచ్చే మాటే. నవ్వు రాలేదు. వాన కురిసినరోజు ఆవిడ పైపు లాగేది. లాగినందుకు గోడ తడిసేది. గోడ తడిసిందని మరునాడు ఇంకా ముందే లాగేది. ఇంతా చేసి, ఆ గోడని కాపాడుతున్నాననుకుంది.

"గుడ్డ ఎందుకు చుట్టారండీ కర్రకి?"

"కర్ర వంకీకి ఇనప రేకుంది. మీ పైపుకి గీతలు పడతాయి."

అతను మూలనున్న గొడుగు తీశాడు. "ఒక్కసారి నాతో బయటికి రండి," అన్నాడు. ఇన్నేళ్ళలో ఆవిడ చెయ్యి పట్టుకున్నది అదే మొదటిసారి. వరండా మెట్టు దిగి, గొడుగు ఆవిడ మీదే పట్టి, సందులో అడుగులో అడుగు వేయించుకుంటూ తీసుకెళ్ళాడు. ఊడిన పైపు ముక్కని ఒంటి చేత్తో ఎత్తి అతుకులోకి దోశాడు. బండ మీద చప్పుడు ఆగిపోయింది. ఆవిడ కంగారుగా అతని మొహంలోకి చూసింది.

"ఇక్కడ చెయ్యి పెట్టండి."

ఆవిడ అరచేతిని పైపు మీద ఆనించాడు. ఆవిడ వేళ్ళు ముందు ముడుచుకున్నాయి, తర్వాత విచ్చుకున్నాయి. పైపు లోపల నీళ్ళు పరుగెడుతున్నాయి. చెవికి అందని ఆ పరుగు అరచేతికి అందుతోంది, పిల్లి కడుపు మీద చెయ్యి పెట్టినట్టు. ఆవిడ కళ్ళు మూసుకుంది. చెయ్యి కొంచెం కిందికి జరిపింది, ఇంకొంచెం కిందికి, మోచెయ్యంత దూరం. ప్రతిచోటా ఆగి చూసింది. చివరికి కాలువలోకి దూకుతున్న నీళ్ళని చూసింది.

"వెళ్తోంది," అంది.

"వెళ్తోందండీ. ఇది మూగదంతే. మూసుకుపోలేదు."

ఆవిడ చెయ్యి తియ్యలేదు. చూపు మాత్రం పైపు మీంచి బండ మీదికి, బండ మీంచి గోడ మొదట్లో నిలిచిన బురద మీదికి నడిచింది. అల్లుడికి ఆ నడక కనబడుతూనే ఉంది. ఆపడానికి ఏదన్నా చెప్పాలనుకున్నాడు. అబద్ధం నోటిదాకా వచ్చింది గాని బయటికి రాలేదు.

"అయితే గోడని," అని ఆగిపోయింది ఆవిడ. "నా చేత్తో నేనేనా?"

"బండ ఇటు వాలిందండీ. సగం తప్పు బండది. ఇంక అతుకు ఊడొచ్చేలా పెట్టించిన తెలివి నాది. పైపు బాగాలేదని మీరు చెప్పలేదు. గది ఖాళీ చెయ్యాలని మేస్త్రీ చెప్పి చాన్నాళ్ళయింది, నేనూ మీకు చెప్పలేదు."

"ఎలా చెబుతారు లెండి," అంది ఆవిడ.

"మీరు మాత్రం ఎలా చెబుతారు."

వాన గొడుగు మీద మోగుతోంది. అతని వీపు పూర్తిగా తడిసిపోయింది. "ఇప్పుడు చెబుతున్నాను. ఈ రాత్రి నుంచి హాల్లో పడుకోండి. ఆ గోడ పక్కన వద్దు."

"పడుకుంటాను," అంది. నాలుగడుగులు వేశాక ఆగి, అతని వైపు చూడకుండా, "నన్నూ ఒక మాట చెప్పనివ్వండి. ఈ ప్లాస్టిక్‌ది నాకు నచ్చలేదు. ఉందో లేదో తెలియని మనిషిని ఇంట్లో పెట్టుకున్నట్టుంది," అంది.

"అలాగేనండీ," అన్నాడు అల్లుడు. ఆ మాట విన్నందుకు బాధ కలగకపోగా, భుజాల మీంచి ఏదో దించినట్టనిపించింది.

మరుసటి రోజు మేస్త్రీ వచ్చి బండని గడ్డపారతో పెళ్ళగించాడు. గోడ మొదట్లో బురద తవ్వి, కంకర నింపి, నీళ్ళు గోడకి ఎదురు దిక్కుకి పోయేలా వాటంగా గచ్చు వేశాడు. గోడకి మూడు దుంగలు ఊతం పెట్టాడు. గది సామానంతా హాల్లోకి వచ్చింది. ఖాళీ గదిలో పగులు మీద అల్లుడు కొత్త అద్దం ముక్క అతికించాడు. "ఇక నిలబడుతుందా?" అని భార్య అడిగితే మేస్త్రీ తాపీ కడుక్కుంటూ, "తాగిన నీళ్ళు కక్కాలి కదమ్మా. ఇంకో పెద్ద వాన పడితే తెలుస్తుంది. గోడ పడాలనీ లేదు, పడకూడదనీ లేదు," అని వెళ్ళిపోయాడు.

ఆదివారం బావమరిది వ్యాను దిగేసరికి ఆకాశం మళ్ళీ మూసుకుంది. దుంగలు చూసి అతని మొహంలో వేళాకోళం పోయింది.

"ఇంతదాకా తెచ్చావా బావా?"

"పైపు అతుకుకి జిగురు పెట్టించలేదు. అక్కడినుంచి..."

"విన్నావా అక్కా. జిగురు పెట్టలేదట. పిల్లాడి బొమ్మలా పెట్టాడన్నమాట."

"ఊడదీసింది నేను," అంది అత్తగారు మంచం మీంచి.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ కొడుకునే చూస్తూ జరిగింది జరిగినట్టు చెప్పింది. కర్ర, గుడ్డ, బండ, అన్నీ. కూతురు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అల్లుడు నేల చూశాడు. ఈ మాటతో పైపు మీద నింద పోయింది గాని, ఇంకేదో ముంచుకొస్తోందని అతనికి అప్పుడే తెలిసింది.

బావమరిది గొంతులో కోపం లేదు, అదే భయపెట్టింది. "అమ్మా, అందుకే రమ్మంటున్నాను. మధ్యాహ్నాలు నువ్వొక్కదానివే. ఇవాళ పైపు లాగావు, రేపు ఇంకేం చేస్తావో. వీళ్ళిద్దరూ పనుల మీద పోతారు. నీ సంచి ఎక్కడుంది?"

సంచి మంచం కిందే ఉంది. మడతపెట్టిన చీరలతో.

అప్పుడే వాన మొదలైంది. మామూలు వాన కాదు. ఎదురింటి గోడ కనబడకుండా పోయింది. వ్యాను డ్రైవరు అద్దాలు ఎత్తుకుని లోపలే ఉండిపోయాడు.

"ఈ వాన చూద్దాం," అంది భార్య తమ్ముడితో. "అద్దం విరిగితే తీసుకెళ్ళు. నేనే సంచి అందిస్తాను. విరక్కపోతే ఈ వానాకాలం అమ్మ ఇక్కడే, హాల్లో."

"అద్దం మీద పందెమా అక్కా?"

"పందెం కాదురా. గోడని అడుగుదాం."

బావమరిది తల్లి మొహం చూసి కూర్చున్నాడు. నలుగురూ వాన వింటున్నారు. పైపు దారిన మాత్రం ఏ చప్పుడూ లేదు. అత్తగారి చేతివేళ్ళు కర్ర మీద కదులుతున్నాయి. ఆ వేళ్ళు ఎందుకు కదులుతున్నాయో ఆ హాల్లో ఒక్కడికే తెలుసు. అల్లుడు లేచి గొడుగు తెచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు. ఆవిడ కర్రని మంచం మీదే వదిలేసి, అతని చెయ్యి పట్టుకుని లేచింది.

వాళ్ళిద్దరూ సందులో పైపు దగ్గర నిలబడటం బావమరిది ఖాళీ గది కిటికీలోంచి చూశాడు. తల్లి పైపు మీద అరచెయ్యి ఆనించి, దగ్గుతున్న పిల్లాడి ఛాతీ చూసినట్టు చూస్తోంది. బావ గొడుగంతా ఆవిడకే పట్టి తను తడుస్తున్నాడు. కిటికీ ఎత్తున అతుకు గట్టిగానే ఉంది. కొత్త గచ్చు మీద పడ్డ నీళ్ళు గోడకి దూరంగా జారుతున్నాయి.

వాన పలచబడ్డాక అందరూ గోడ ముందుకి చేరారు. అల్లుడు గొంతుక్కూర్చుని గోరుతో అద్దం మీద అడ్డంగా రాశాడు. గోరు ఈ చివరి నుంచి ఆ చివరికి జారింది. మళ్ళీ రాశాడు.

"జరుగు బావా," అని బావమరిది ఫోన్ లైటు వేసి, తన గోరుతో తనే రాసి చూసుకున్నాడు. వంగినవాడు వెంటనే లేవలేదు. వేలి కొసకి అంటిన సున్నాన్ని చూసుకుంటూ, "ఈ వానకి," అన్నాడు.

"ఈ వానకే," అన్నాడు అల్లుడు.

వ్యాను ఖాళీగా వెళ్ళింది. వెళ్ళేముందు బావమరిది డ్రైవరుని పంపి బజారు నుంచి పైపుల జిగురు డబ్బా తెప్పించి, బావ చేతిలో పెట్టాడు. "వచ్చే నెల మళ్ళీ వస్తాను. గోరు పెంచుకుని వస్తాను. ఆ అతుకు మాత్రం ఇవాళే బిగించెయ్."

సాయంత్రం అల్లుడు డబ్బా మూత తిప్పి, చిన్న కుంచె ముంచి సందులో నిలబడ్డాడు. జిగురు ఘాటుకి కళ్ళు మండాయి. వరండాలోంచి అత్తగారు చూస్తోంది. భార్య వంటగదిలో ఉంది. ఆవిడ ఈసారి కూతుర్ని పిలవలేదు.

"అల్లుడు గారూ, బిగించేస్తే ఆకులు పడ్డప్పుడు ఎలా తీస్తారు?"

అతను కుంచె పట్టుకుని ఆలోచించాడు. బిగిస్తే అందరికీ నిశ్చింత. బిగించకపోతే ప్రతి మధ్యాహ్నం, షాపులో ఉన్నంతసేపూ, ఆ కిటికీ అతని మనసులో తెరుచుకునే ఉంటుంది. గోడ తడి ఇంకా ఆరలేదు. దుంగలు ఇంకా తియ్యలేదు. పడమటి వైపు ఇంకో మబ్బు లేస్తోంది.

"తియ్యలేమండీ," అన్నాడు. కుంచెని డబ్బా అంచుకి తుడిచి, మూత బిగించి, కిటికీ గూట్లో పెట్టాడు. అతుకుని మాత్రం చేత్తో ఇంకోసారి గట్టిగా నొక్కి వచ్చాడు.

వరండాలో అత్తగారు కర్ర ఒళ్ళో పెట్టుకుని, వంకీకి చుట్టిన గుడ్డపీలికని విప్పుతోంది. ముడి తడిసి బిగుసుకుపోయినట్టుంది, ఆవిడ గోళ్ళకి లొంగడం లేదు. అల్లుడు మెట్టు మీద కూర్చుని చెయ్యి చాపాడు. ఆవిడ కర్రని అతని చేతికిచ్చింది.